జార్జ్ మెక్‌గవర్న్: బీ-24 బాంబర్ పైలట్‌గా 35 దాడులు – తరచుగా అడిగే ప్రశ్నలు

జార్జ్ మెక్‌గవర్న్ అంటే నిక్సన్ మీద ఓడిపోయిన నాయకుడే కదా? ఆయన పైలటా?

అవును, ఆయనే. 1972 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రటిక్ పార్టీ తరఫున పోటీ చేసి, 50 రాష్ట్రాల్లో 49 పోగొట్టుకున్నారు. ఆయన పేరు చెబితే చాలామందికి ఆ ఓటమే గుర్తొస్తుంది. కానీ అంతకు 28 ఏళ్ల ముందు, 22 ఏళ్ల వయసులో, ఇటలీ నుంచి బీ-24 లిబరేటర్ బాంబర్ నడుపుతూ ఆయన 35 సార్లు శత్రువు మీదకు వెళ్లి వచ్చారు. ఆ అనుభవం తెలియకుండా ఆయన రాజకీయం అర్థం కాదని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు యుద్ధకాలానికే ఇచ్చాను.

ఆయనది సైనిక కుటుంబమా?

కాదు. 1922 జులై 19న సౌత్ డకోటా రాష్ట్రంలోని ఏవన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి మెథడిస్ట్ చర్చి పాస్టరు. పెరిగింది మిచెల్ పట్టణంలో. చుట్టూ గోధుమ, మొక్కజొన్న పొలాలు, రైతు కుటుంబాలు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, తర్వాత ఒక చోట అవసరమవుతుంది.

విమానమంటే ఆయనకు భయమని విన్నాను. నిజమేనా?

నిజమే, ఆయనే చెప్పుకున్నారు. ఏడో తరగతిలో వ్యాయామం మాస్టారు ఆయన్ను పిరికివాడని అన్నారు. పిల్లలు ఇలాంటి మాట ఒకపట్టాన మరిచిపోరు. డకోటా వెస్లియన్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు, పౌరులకు విమానం నడపడం నేర్పే ప్రభుత్వ పథకం ఒకటి అక్కడికి వచ్చింది. పిరికివాడన్న ఆ మాట పట్టుకుని ఆయన అందులో చేరారు. ఏరోంకా అనే చిన్న విమానంలో తొలిసారి ఒక్కరే ఎగిరినప్పుడు ప్రాణం పోయినంత పనైందట. కిందికి దిగి నడిచి వస్తుంటే మాత్రం చెప్పలేనంత తృప్తి కలిగిందట.

భయం లేనివాడు కాబట్టి పైలట్ అయ్యాడని కొందరు రాస్తుంటారు. ఆయన విషయంలో అది తప్పు. భయం ఉంది, ఆ భయంతోనే ఎక్కారు.

పెర్ల్ హార్బర్ దాడి జరిగిన వెంటనే యుద్ధానికి వెళ్లారా?

1941 డిసెంబర్ 7 ఆదివారం. కాలేజీలో సంగీతం క్లాసు కోసం ఆయన రేడియోలో న్యూయార్క్ ఫిల్‌హార్మనిక్ కచేరీ వింటున్నారు. మధ్యలో దాడి వార్త వచ్చింది. తోటి విద్యార్థులతో కలిసి ఒమాహా వెళ్లి ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్‌లో పేరు ఇచ్చారు. అయితే అప్పట్లో శిక్షణ ఇవ్వడానికి విమానాలు, బడులు చాలక, పేరు ఇచ్చినవాళ్లను కొన్ని నెలలు ఆగమనేవారు. ఆయనకు పిలుపు వచ్చింది 1943 ఫిబ్రవరిలో.

శిక్షణ మధ్యలోనే 1943 అక్టోబర్ 31న ఎలనార్‌ను పెళ్లి చేసుకున్నారు. 1944 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని పాంపాలో పైలట్ బ్యాడ్జి అందుకున్నారు. తర్వాత కాన్సస్‌లోని లిబరల్ అనే ఊళ్లో బీ-24 నడపడం నేర్చుకున్నారు. భర్త ఏ ఊరికి మారితే ఎలనార్ ఆ ఊరికి మారుతూ వచ్చారు. శరదృతువులో ఆయన ఓడెక్కి ఇటలీ బయలుదేరేనాటికి ఆమె గర్భవతి.

బీ-24 అంత కష్టమైన విమానమా?

చాలా కష్టమైనదే. నాలుగు ఇంజన్లు, 110 అడుగుల రెక్కలు, పదిమంది సిబ్బంది. ఈ రకం విమానాలు 18,000కు పైగా తయారయ్యాయి. ఫోర్డ్ కంపెనీ విల్లో రన్ ఫ్యాక్టరీలో యుద్ధం ఉధృతంగా ఉన్న రోజుల్లో గంటకొకటి బయటికి వచ్చేది. అమెరికా మరే సైనిక విమానాన్నీ అన్ని తయారు చేయలేదు.

కానీ నడిపేవాడి బాధ వేరు. ఇప్పటి విమానాల్లోలా సాయం చేసే యంత్రాలు కంట్రోల్స్‌కు లేవు. చక్రం తిప్పాలంటే భుజబలమే. పక్క విమానానికి దగ్గరగా, వరుస తప్పకుండా ఆరేడు గంటలు పట్టుకుని కూర్చోవాలి. చేతులు పడిపోయేవి. అందుకే పైలట్, కో-పైలట్ వంతులవారీగా నడిపేవారు.

లోపల గాలి ఒత్తిడి ఏర్పాటు లేదు. 10,000 అడుగులు దాటితే ఆక్సిజన్ మాస్కు తీయకూడదు. చలి మైనస్ 40 డిగ్రీలకు దిగేది. వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేది. గన్నర్లు తెరిచి ఉన్న కిటికీల దగ్గర ఆ గాలిలోనే నిలబడేవారు.

ఇంకొక్క వివరం. విమానం నడుమ భాగంలో బాంబులు వేలాడే గది ఉంటుంది. ముందు భాగం నుంచి వెనక్కి వెళ్లాలంటే ఆ గది మధ్యలో ఉన్న సన్నని పలక మీద నడవాలి. దాని వెడల్పు జానెడు. అడుగున తలుపులు షాపు షట్టర్ లాగా పక్కలకు చుట్టుకుంటాయి. అవి తెరిచినప్పుడు పలకకు అటూ ఇటూ ఏమీ ఉండదు, కింద నేల తప్ప.

"డకోటా క్వీన్" అనే పేరు ఎక్కడిది?

తన విమానానికి భార్య ఎలనార్‌ను తలుచుకుని పెట్టుకున్న పేరు. సౌత్ డకోటా అమ్మాయి కాబట్టి డకోటా రాణి.

ఇటలీలో ఎక్కడ ఉండేవారు? ఏ దళం?

దక్షిణ ఇటలీలో చెరిన్యోలా పట్టణం దగ్గర సాన్ జొవానీ ఎయిర్‌ఫీల్డ్. దళం 15వ ఎయిర్ ఫోర్స్‌లోని 455వ బాంబ్ గ్రూప్, 741వ స్క్వాడ్రన్. ఇంగ్లండ్‌లో ఉన్న 8వ ఎయిర్ ఫోర్స్ గురించి సినిమాలు, కథలు బోలెడు. ఇటలీలో ఉన్నవాళ్ల గురించి తక్కువ. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ, చెక్, హంగరీ, రుమేనియాలలోని చమురు శుద్ధి కర్మాగారాలు, రైల్వే యార్డులు వీళ్ల లక్ష్యాలు. జర్మన్ ట్యాంకులకూ విమానాలకూ ఇంధనం అందకుండా చేయడంలో వీళ్ల పాత్ర పెద్దది. 15వ ఎయిర్ ఫోర్స్ బాంబర్లకు కాపలాగా వచ్చిన ఫైటర్లలో తోకలకు ఎర్రరంగు వేసుకున్న నల్లజాతి పైలట్ల దళం, అంటే టస్కీగీ ఎయిర్‌మెన్ కూడా ఉన్నారు.

బస డేరాల్లో. ఆలివ్ తోటలు, వానొస్తే మోకాలి లోతు బురద.

మొదటి రోజు నుంచే సొంత విమానం ఇచ్చారా?

ఇవ్వలేదు. కొత్త పైలట్ ముందు అయిదు దాడులకు అనుభవం ఉన్న సిబ్బందితో కో-పైలట్‌గా వెళ్లాలి. 1944 నవంబర్‌లో ఆయన అలాగే మొదలుపెట్టారు. ఆ తర్వాతే తన సిబ్బందిని తాను తీసుకుని బయలుదేరారు. 35 పూర్తయితే ఇంటికి పంపుతారు. ఒక్కో దాడి ముగిసేసరికి అందరూ మనసులో లెక్క వేసుకునేవారు.

"ఫ్లాక్" అనే మాట తరచూ వస్తుంది. ఏమిటది?

నేల మీద నుంచి జర్మన్ ఫిరంగులు పేల్చే గుళ్లు. అవి విమానాల ఎత్తుకు వచ్చి పేలిపోతాయి. నల్లటి పొగ ఉండలు, చుట్టూ ఎగిరే ఇనుప ముక్కలు. శత్రు ఫైటర్ వస్తే గన్నర్లు కాల్చవచ్చు, ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది. ఫ్లాక్‌ను ఏమీ చేయలేరు. పైగా బాంబులు గురిగా పడాలంటే, లక్ష్యానికి ముందు కొన్ని నిమిషాల పాటు విమానాన్ని ఎటూ తిప్పకుండా, ఎత్తు మార్చకుండా, ఆ పొగలోకే తిన్నగా నడపాలి. పైలట్‌కు అసలు పరీక్ష ఆ నిమిషాలు. 1944 చివరికి జర్మన్ ఫైటర్లు తగ్గిపోయాయి కానీ వియన్నా, లింజ్ లాంటి చోట్ల ఫ్లాక్ మాత్రం తగ్గలేదు.

విస్ దీవిలో దిగిన సంఘటన ఏమిటి?

ఆయనకు పెద్ద పతకం వచ్చింది దీనికే. దానికి మూడు రోజుల ముందు, డిసెంబర్ 17న, ఓడర్‌తాల్ చమురు కర్మాగారం మీదకు బయలుదేరుతూ నేల వదిలే సమయానికే టైరు పేలింది. అయినా వెళ్లి బాంబులు వేసి, చెడిన చక్రంతోనే తిరిగి వచ్చి దించారు.

డిసెంబర్ 20న పిల్సెన్‌లోని స్కోడా ఆయుధ కర్మాగారం మీద దాడి. ఒక ఇంజన్ ఆగిపోయింది. ఫ్లాక్ తగిలి ఇంకో ఇంజన్‌కు మంట అంటుకుంది. అంత దూరం, ఆల్ప్స్ పర్వతాలు, ఆపైన ఆడ్రియాటిక్ సముద్రం దాటి ఇటలీ చేరడం జరగని పని. దారిలో ఉన్న ఒకే ఒక్క ఆశ విస్ అనే చిన్న దీవి. ఇప్పుడు క్రొయేషియాలో ఉంది, అప్పట్లో జర్మన్ల మీద పోరాడుతున్న యుగోస్లావియా నాయకుడు టీటో గెరిల్లా దళాల (పార్టిజాన్ల) అధీనంలో ఉండేది. అక్కడ బ్రిటిష్‌వాళ్ల చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. అది ఫైటర్ల కోసం వేసినది. నాలుగు ఇంజన్ల బాంబర్‌కు కావలసిన పొడవులో సగం కూడా ఉండదు. దిగడానికి ఒకటే అవకాశం. తప్పితే మళ్లీ పైకి లేపి చుట్టి రావడానికి ఇంజన్లలో శక్తి ఉండదు. అక్కడ దిగబోయి ఎన్నో బాంబర్ సిబ్బందులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆయన రన్‌వే మొదటి అంచునే నేల తాకించి, బ్రేకులు తొక్కిపట్టి, చివర్లో ఆపగలిగారు. అందరూ బతికారు. దీనికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు.

ఆ ఇరుక్కుపోయిన బాంబు కథ నిజమేనా?

నిజం. ఆయన ఎన్నోసార్లు స్వయంగా చెప్పారు. ఈ ఒక్కటీ కొంచెం విడిగా చెబుతాను.

1945 మార్చి. లక్ష్యం మీద బాంబులు వదిలారు. అన్నీ పడ్డాయి, ఒక్కటి తప్ప. 500 పౌండ్ల బాంబు కొక్కేనికి ఇరుక్కుని వేలాడుతోంది. అలా వేలాడుతున్న బాంబుతో దిగితే నేల తాకిన కుదుపుకు ఊడిపడి పేలవచ్చు. కాబట్టి దారిలోనే వదిలించుకోవాలి. ఆయన విమానాన్ని మిగతావాటి నుంచి పక్కకు తప్పించి ఎత్తు తగ్గించారు. సిబ్బంది ఆ జానెడు పలక మీదికి వెళ్లి, తెరిచిన తలుపుల పైన నిలబడి కొక్కెం ఊడదీయడానికి తంటాలు పడ్డారు. ఎట్టకేలకు బాంబు ఊడింది.

అది ఎక్కడ పడుతుందో చూద్దామని ఆయన కిందికి చూశారు. ఆస్ట్రియా పల్లె. పచ్చని పొలాల మధ్య ఒక ఇల్లు, పశువుల కొట్టం. బాంబు సరిగ్గా దాని మీదే పడింది. ఇల్లు మాయమైంది.

చేతి గడియారం చూసుకున్నారు. మిట్టమధ్యాహ్నం. ఆయన రైతుల ఊళ్లో పెరిగిన మనిషి. ఆ వేళకు రైతు కుటుంబం ఏం చేస్తూ ఉంటుందో ఆయనకు వేరే చెప్పాల్సిన పనిలేదు. అందరూ కలిసి అన్నానికి కూర్చుని ఉంటారు.

బేస్‌కు వచ్చేసరికి ఒక కబురు ఎదురుచూస్తోంది. నాలుగు రోజుల క్రితం అమెరికాలో ఆయనకు కూతురు పుట్టింది. తొలి బిడ్డ, పేరు యాన్. తన ఇంట్లో ఒక పాప వచ్చిందన్న కబురు, ఎవరి ఇంట్లోనో పిల్లలను చంపి ఉంటానన్న దిగులు ఒకే పూట ఆయన నెత్తిన పడ్డాయి. నాకూ కూతురు ఉంది. ఈ భాగం రాస్తున్నప్పుడు కాసేపు ఆగాల్సి వచ్చింది.

యుద్ధంలో ఆయన వేసిన బాంబులు వందల కొద్దీ. వాటిలో చాలావాటి కింద ఏమైందో 20,000 అడుగుల పైనుంచి కనపడదు. ఇది మాత్రం కనపడింది. నలభై ఏళ్లు ఆయన్ను వదల్లేదు.

ఆ ఇంట్లోవాళ్లు ఏమయ్యారో ఎప్పటికైనా తెలిసిందా?

తెలిసింది. 1985లో ఆయన ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీలో ఉపన్యాసాలు ఇస్తున్నారు. అక్కడి టీవీవాళ్లు యుద్ధం మీద కార్యక్రమం చేస్తూ ఆయన్ను మాట్లాడించారు. మా దేశం మీద బాంబులు వేసినందుకు బాధ పడుతున్నారా అనే ప్రశ్న వచ్చింది. హిట్లర్ మీద యుద్ధం చేసినందుకు బాధ లేదని, ఆ ఒక్క రైతు ఇంటి విషయంలో మాత్రం ఉందని, జరిగిందంతా చెప్పారు.

కార్యక్రమం వచ్చాక ఒక రైతు స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఆ ఇల్లు మాదేనన్నాడు. ఒక విమానం గుంపు విడిచి కిందికి రావడం చూసి అనుమానం వచ్చి, భార్యాపిల్లలను బయటికి తీసుకుపోయి కాలవ గుంటలో దాచాడట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. హిట్లర్ అంటే తనకు గిట్టదని, తన ఇల్లు పోవడం వల్ల యుద్ధం ఒక్క నిమిషం ముందు ముగిసినా పోయిందన్న బాధ లేదని ఆ రోజే అనుకున్నానని, ఈ మాట ఆయనకు చెప్పమని అడిగాడు.

మెక్‌గవర్న్‌కు అప్పుడు 62, 63 ఏళ్లు. నెత్తి మీద నుంచి పెద్ద బరువు దిగినట్టయిందని తర్వాత చెప్పారు.

చివరి దాడి ఎలా జరిగింది?

1945 ఏప్రిల్ 25, లింజ్ మీద. అది ఆయనకు 35వది. యుద్ధం ముగియడానికి రెండు వారాలు లేదు. అక్కడ ఫ్లాక్‌తో ఆకాశం నల్లగా, ఎర్రగా మారిపోయింది. నరకం కూడా ఇంతకంటే ఘోరంగా ఉండదని ఆయన గుర్తు చేసుకునేవారు. విమానానికి 110 చిల్లులు పడ్డాయి. పక్క కిటికీ దగ్గర గన్నర్‌కు గాయమైంది. ఇంజనీర్‌గా ఉన్న సిబ్బంది సభ్యుడికి మనసు బాగా చెదిరి, తర్వాత ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. బీ-24లో చక్రాలు దిగాలన్నా, బ్రేకులు పడాలన్నా హైడ్రాలిక్స్, అంటే నూనె ఒత్తిడితో నడిచే ఏర్పాటు, పనిచేయాలి. అవి పోయాయి. అప్పటికప్పుడు తోచిన ఉపాయాలతో విమానాన్ని బేస్‌లోనే దించారు.

సిబ్బంది అందరూ ఇంటికి చేరారా?

ఆయన నడిపిన విమానంలో ఎవరూ చనిపోలేదు. కానీ ఆయన నావిగేటర్, పాస్టర్ కావాలనుకున్న కుర్రాడు, మరో విమానంలో వెళ్లిన రోజున తిరిగి రాలేదు. అదే డేరాలో పక్క మంచం ఖాళీ అయింది.

ఏయే పతకాలు వచ్చాయి? ఏ హోదా వరకు వెళ్లారు?

డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్, ఎయిర్ మెడల్. హోదా ఫస్ట్ లెఫ్టినెంట్. 1945 జులైలో సైన్యం నుంచి విడుదలయ్యారు.

యుద్ధం ఆగిన వెంటనే ఇంటికి వచ్చేశారా?

వెంటనే కాదు. మే, జూన్ నెలల్లో అవే విమానాల్లో ఉత్తర ఇటలీకి ఆహారం మోశారు. నిన్నటి దాకా బాంబులు మోసిన విమానం నిండా తిండి సరుకులు, కింద ఆకలితో జనం. ఈ రెండు నెలల గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఆయన తర్వాతి జీవితం మొత్తానికి మొదలు ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు.

ఆయనకూ మన దేశానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, తిండి వైపు నుంచి. యుద్ధం నుంచి వచ్చాక సైనికులకు ఇచ్చే ప్రభుత్వ సాయంతో చదువుకుని, 1953లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ నుంచి చరిత్రలో పీహెచ్‌డీ తీసుకున్నారు. 1956లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 1961లో కెనడీ ఆయన్ను "ఫుడ్ ఫర్ పీస్" కార్యక్రమానికి తొలి డైరెక్టర్‌గా పెట్టారు. పీఎల్-480 అనే మాట మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. అమెరికా మిగులు ధాన్యాన్ని ఇతర దేశాలకు పంపిన చట్టం అది. 1960ల్లో దాని కింద అందరికంటే ఎక్కువ గోధుమలు వచ్చింది ఇండియాకే. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ బళ్లలో చదివిన తాతయ్యలను, అమ్మమ్మలను అడగండి. మధ్యాహ్నం పెట్టిన అమెరికా రవ్వ ఉప్మా, గ్లాసులో పోసిన పాలపొడి పాల రుచి ఇప్పటికీ చెబుతారు. పీఎల్-480 రాజకీయాల మీద మన దేశంలో చాలా విమర్శ వచ్చింది, అందులో న్యాయం ఉంది. ఆ పథకంలో బడిపిల్లల అన్నానికి ఎక్కువ చోటు దక్కాలని పట్టుబట్టిన మనిషి మాత్రం ఈ పైలటే.

వయసు మీద పడ్డాక కూడా ఆ పని వదల్లేదు. ఇటలీ యుద్ధరంగంలోనే తీవ్రంగా గాయపడ్డ రిపబ్లికన్ నేత బాబ్ డోల్‌తో చేయి కలిపి, పేద దేశాల బళ్లలో భోజనం పెట్టే పథకం తెచ్చారు. 2008లో ఇద్దరికీ కలిపి వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు.

అంత యుద్ధం చేసినవాడు వియత్నాం యుద్ధాన్ని ఎందుకు వ్యతిరేకించారు?

చేసినవాడు కాబట్టే. అప్పటికి సెనేటర్‌గా ఉన్న ఆయన 1970 సెప్టెంబర్ 1న సెనేట్‌లో లేచి, 50,000 మంది కుర్రాళ్లను అకాల మరణానికి పంపిన పాపంలో ఇక్కడున్న ప్రతి సెనేటర్‌కూ వాటా ఉందని, ఈ సభలో నెత్తుటి వాసన వస్తోందని అన్నారు. సభ నివ్వెరపోయింది.

రెండేళ్ల తర్వాత ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆయన్ను దేశరక్షణ చేతకాని మెతక మనిషిగా చిత్రించారు. విస్ దీవి సంగతి, 110 చిల్లుల సంగతి ప్రచారంలో గట్టిగా చెప్పుకుని ఉంటే బాగుండేదని సన్నిహితులు అనేవారు. ఆయనకు అది మనసొప్పలేదు. యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడితే పిరికితనం అంటగట్టే అలవాటు మనకూ ఉంది. అలాంటి మాట విన్న ప్రతిసారీ నాకు ఆ ఏడో తరగతి కుర్రాడు గుర్తొస్తాడు.

అయితే బాంబు దాడులన్నీ తప్పేనని ఆయన ఉద్దేశమా?

కాదు. హిట్లర్ మీద యుద్ధం తప్పనిసరి అని చివరిదాకా నమ్మారు. ఇంకో మాట కూడా అన్నారు. 1944 డిసెంబర్‌లో ఆయన దళం, నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఆష్విట్జ్ శిబిరానికి కొద్ది మైళ్ల దూరంలోని చమురు కర్మాగారాల మీద బాంబులు వేసింది. అంత దగ్గరికి వెళ్లగలిగినవాళ్లం, జనాన్ని ఆ శిబిరానికి మోసే రైలు పట్టాలను ఎందుకు కొట్టలేదని, అది ఘోరమైన తప్పని వృద్ధాప్యంలో బాధపడ్డారు. వేసిన బాంబు ఒకటి, వేయని బాంబులు కొన్ని, రెండూ ఆయన్ను కలవరపెట్టాయి.

ఎప్పుడు చనిపోయారు?

2012 అక్టోబర్ 21న, సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో. 90 ఏళ్లు. ఎలనార్ 2007లోనే వెళ్లిపోయారు.

బీ-24ను ఇప్పుడు ఎక్కడైనా చూడవచ్చా?

యుద్ధం అయ్యాక అమెరికాలో వీటిని వేల సంఖ్యలో ముక్కలు చేసి కరిగించారు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో కొన్ని మన దేశం పుణ్యాన మిగిలాయి. బ్రిటిష్‌వాళ్లు వాడి కాన్పూర్‌లో వదిలేసిపోయిన లిబరేటర్లను 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివాళ్లు బాగుచేసి ఎగిరేలా చేశారు. మన వైమానిక దళం వాటిని 1968 దాకా వాడింది. ఆ తర్వాత కొన్ని విదేశీ మ్యూజియాలకు వెళ్లాయి. అరిజోనా రాష్ట్రం టూసాన్‌లోని పీమా ఎయిర్ మ్యూజియంలో ఉన్నది అలా ఇండియా నుంచి వెళ్లినదే. బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉన్నదీ అంతే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అటు వెళ్తే తప్పక చూడండి. బాంబుల గది తలుపులు తెరిచి ఉంటే కింద నిలబడి పైకి చూడండి. మధ్యలో ఒక సన్నని పలక కనిపిస్తుంది. ఆ మార్చి మధ్యాహ్నం కొక్కెం ఊడదీయడానికి వాళ్లు నిలబడింది అలాంటి పలక మీదే.